దుర్భిణీ కొన్న విధంబెట్టిదనిన...

దుర్భిణీ చేతికి రాగానే ఎవరైనా మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎంత దూరం కనపడుతుందండీ?"

నేనూ అదే అడిగాను. అడిగింది బెజవాడ ఎగ్జిబిషన్‌లో, మిరపకాయ బజ్జీల బండికీ రంగులరాట్నానికీ నడుమ ఉన్న ఒక చిన్న దుకాణంలో. అక్కడి కుర్రవాడు నా ముఖం చూసి అంచనా వేసుకున్నాడు కాబోలు, "అయిదు కిలోమీటర్లు సార్! ఆకాశం తేటగా ఉంటే ఆరు!" అన్నాడు. ఆ ఆరో కిలోమీటరు కొసరుగా ఇచ్చినందుకు నాకు పరమానందమైంది. బేరం కూడా సరిగా ఆడకుండా కొనేశాను.

చాలా రోజుల తరువాత గాని నాకు తట్టలేదు. ఏ దుర్భిణీ లేకుండానే, ఒట్టి కళ్ళతో, 3,84,000 కిలోమీటర్ల దూరాన ఉన్న చందమామను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను కదా! అటువంటప్పుడు "ఎంత దూరం" అనేది అసలు ప్రశ్నే కాదన్నమాట.

మరి ఏది ప్రశ్న? అది తెలుసుకోవడానికి నాకు ఒక దుర్భిణీ ఖరీదూ, ఒక పసిపిల్ల చేత ఆడించిన అబద్ధమూ ఖర్చయ్యాయి. ఆ కథ చిత్తగించండి. దుర్భిణీ కొనదలచినవారికి పనికివస్తుంది. కొనే ఉద్దేశం లేనివారికి కాలక్షేపమవుతుంది.

"కనపడింది తాతయ్యా!"

మా మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళుగా కళ్ళజోడు. పిట్టలంటే ప్రాణం. పెరట్లో జామచెట్టు మీద ఏ పిట్ట వాలినా బడికి వెళ్ళడం మరిచిపోయే రకం. 2023 సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు కొల్లేటికి తీసుకుపోయి గూడబాతులను చూపిస్తానని దానికి మాట ఇచ్చాను. దుర్భిణీ కొన్నది అందుకే.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో, ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడినేలల పట్టికలో, అంటే రామ్‌సర్ జాబితాలో, దానికి చోటు దక్కింది. ఆ సరస్సు అంచున, కైకలూరు దగ్గర, ఆటపాక ఉంది. చలికాలంలో అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ దిగి, చెట్ల మీదా, వాటికోసం నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్ళు కట్టుకుంటాయి.

పొద్దున్నే భీమవరం వైపు వెళ్ళే రైలెక్కి కైకలూరులో దిగాం. ఆటోలో ఆటపాక చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. గట్టు మీద నిలబడి, నా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి (నాది పేపరు చదవడానికే), దుర్భిణీ ఎత్తి చూశాను. గూడబాతులు పెద్దవిగానే కనపడ్డాయి. కాస్త మసకగా, కాస్త నీలంగా ఉన్నాయి. "మంచు ఇంకా విడలేదు" అనుకున్నాను. ఒక్కొక్కటి రెండుగా కూడా కనపడినట్టుంది. "వయసు!" అనుకున్నాను. మనిషి తన డబ్బుతో కొన్న వస్తువును వెనకేసుకొచ్చినట్టు కన్నబిడ్డను కూడా వెనకేసుకురాడు.

ఆ తరువాత మనవరాలికిచ్చాను. అది కళ్ళజోడుకు ఆనించి చాలాసేపు చూసింది.

"కనపడిందా అమ్మా?"

"ఆఁ... కనపడింది తాతయ్యా."

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఆ రోజంతా అదే వరస. ఎన్నిసార్లు ఇచ్చినా తీసుకుంది. ఎన్నిసార్లు అడిగినా బాగుందంది. దానికి పిట్టలు చూపించానన్న తృప్తితో నేను రైల్లో హాయిగా నిద్రపోయాను.

రాత్రి వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాను. లోపల అమ్మమ్మా మనవరాలూ మాట్లాడుకుంటున్న మాటలు వినపడ్డాయి.

"నాకేం కనపడలేదు అమ్మమ్మా. అంతా నల్లగా ఉండి మధ్యలో చిన్న చుక్క కనపడింది. తాతయ్య డబ్బు పెట్టి నాకోసం కొన్నాడుగా, బాధపడతాడని కనపడిందన్నాను."

దోమతెరలో నేను కదలకుండా పడుకున్నాను. అయిదారు కిలోమీటర్లు చూపించే యంత్రం కొన్నవాడికి, పక్కన నిలబడ్డ పిల్ల ముఖంలో ఉన్నది కనపడలేదు!

మాస్టారి స్కేలు

మా వీధి చివర ఒక లెక్కల మాస్టారున్నారు. రిటైరై పదేళ్ళు దాటింది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆయనకు పక్షులను చూడడం అలవాటు. ఆయన దుర్భిణీకి తోలు పట్టీ మూడుసార్లు మారింది గాని దుర్భిణీ మాత్రం మారలేదు. మర్నాడు పొద్దున్నే నా సరుకు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

ఆయన దాన్ని కళ్ళకు పెట్టుకోనేలేదు. ముందు దాని మీది అంకె చదివారు: 30×60. తరువాత బల్ల సొరుగులోంచి స్కేలు తీసి ముందు అద్దానికి అడ్డంగా పెట్టారు.

"ఎంత ఉందో మీరే చూడండి."

"మూడు సెంటీమీటర్లు."

"అనగా 30 మిల్లీమీటర్లు. రెండో అంకె ముందు అద్దం వెడల్పు. 60 అని అచ్చువేశాడు. సగానికి సగం అబద్ధం. ఇక మొదటి అంకె సంగతి చూద్దాం."

దుర్భిణీ ముందుభాగాన్ని వెలుతురున్న కిటికీ వైపు తిప్పి, కంటి అద్దం వెనక ఒక తెల్లకాగితం పట్టారు. కాగితం మీద గుండ్రని వెలుగుచుక్క పడింది. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, చుక్క అంచు తేటగా వచ్చినచోట ఆపి కొలిచారు. మూడున్నర మిల్లీమీటర్లు.

"ముందు అద్దం వెడల్పును ఈ చుక్క వెడల్పుతో భాగిస్తే, ఎన్ని రెట్లు పెంచి చూపుతుందో తేలుతుంది. 30ని మూడున్నరతో భాగించండి. ఎనిమిదిన్నర. ముప్పై రెట్లు లేదు, పాడూ లేదు. మీ అదృష్టం బాగుండి ఈ అంకె అబద్ధమైంది. నిజంగా ముప్పై రెట్లే అయితే చేత్తో పట్టుకుని ఏమీ చూడలేకపోయేవారు!"

నేను తెల్లబోయాను. ఎక్కువ రెట్లుంటే ఎక్కువ మంచిది కాదా?

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పిన పాఠం ఇది.

ఎనిమిది రెట్ల దుర్భిణీ అంటే, 80 గజాల దూరాన ఉన్న కొంగ పది గజాల్లో ఉన్నట్టు కనపడుతుంది. పది రెట్లదైతే ఎనిమిది గజాల్లో ఉన్నట్టు. ఈ రెండింటికీ కొంగ విషయంలో తేడా రెండు గజాలే. కాని దుర్భిణీ కొంగను పెంచినట్టే మన చేతి వణుకును కూడా పెంచుతుంది. ఎంత ఆరోగ్యవంతుడికైనా చెయ్యి కొంచెం కదులుతూనే ఉంటుంది. ఎనిమిది రెట్ల వరకు చాలామంది నిబ్బరంగా పట్టుకోగలరు. పది రెట్లు కొందరికి అలవాటు మీద వస్తుంది. అది దాటితే స్టాండు ఉండాలి, లేదా లోపల వణుకును సర్దే యంత్రమున్న ఖరీదైన రకం కొనాలి. పడవలో కూర్చుని చూసేవాడికి ఏడెనిమిది రెట్లే మేలు.

పైగా రెట్లు పెరిగినకొద్దీ కనపడే మేర తగ్గిపోతుంది. మంచి ఎనిమిది రెట్ల దానిలో, 1000 మీటర్ల దూరాన సుమారు 130 మీటర్ల వెడల్పు ఒక్క చూపులో ఇముడుతుంది. దీన్నే కొందరు ఏడున్నర డిగ్రీలని రాస్తారు. రెండూ ఒకటే. ఈ మేర తక్కువైతే, లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకినప్పుడు అది ఎటుపోయిందో వెతుక్కునేసరికి చేపను మింగి కొమ్మెక్కి కూర్చుంటుంది.

"మరి ఆ వెలుగుచుక్క?" అన్నాను.

"అదే అసలు కిటుకు. దుర్భిణీలోంచి మీ కంట్లోకి వచ్చే వెలుగంతా ఆ చుక్కలోంచే రావాలి. మిట్టమధ్యాహ్నం మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకట్లో పడుచువాళ్ళకు ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. మీకూ నాకూ అయిదు విచ్చుకుంటే గొప్ప."

ఆ లెక్క కాగితం మీద వేసి చూపించారు. 8×42 అయితే చుక్క అయిదుంబావు మిల్లీమీటర్లు. 10×50 అయితే అయిదు. 7×50 అయితే ఏడు. 8×32 అయితే నాలుగు. జేబులో పట్టే 10×25 అయితే రెండున్నర. పట్టపగలు ఎండలో రెండున్నర కూడా చాలు. కాని పక్షులు ఎక్కువగా కదిలేది తెల్లవారుజామునా, పొద్దుగూకేవేళా. ఆ వేళలకు నాలుగు ఉండాలి, అయిదుంటే హాయి. రాత్రిపూట కృత్తికలనూ, గురుగ్రహం చుట్టూ తిరిగే చందమామలనూ చూడదలచినవారికి 7×50, 10×50 మంచివి. కాని అవి మెడలో వేసుకుని పొలం గట్ల మీద తిరగడానికి బరువు.

"పులికాట్‌లో ఫ్లెమింగోలను చూడాలంటే?"

"ఆ నీళ్ళ మైదానంలో అవి మరీ దూరాన నిలబడతాయి. దానికి దుర్భిణీ కాదు, స్టాండు మీద పెట్టే టెలిస్కోపు కావాలి. ఏ పనికి ఆ పనిముట్టు. కత్తిపీటతో కట్టెలు కొడతామా?"

గొట్టంలో ఏముంది?

దుర్భిణీ అన్న మాట మనకు పారశీకం నుంచి వచ్చింది. దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. వస్తువు పుట్టింది మాత్రం హాలెండులో. 1608లో హాన్స్ లిపర్షే అనే కళ్ళజోళ్ళ పనివాడు దూరపు వస్తువులను దగ్గరగా చూపే గొట్టం చేసి, దాని మీద హక్కు కోసం ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. ప్రభుత్వంవారు చూసి, బాగుంది గాని రెండు కళ్ళతో చూసేటట్టు చేసి తెమ్మన్నారు. అనగా, మొదటి గొట్టం పుట్టిన ఏడాదే జోడు గొట్టాల కోరిక కూడా పుట్టిందన్నమాట. రెండు కళ్ళున్నవాడు ఒక కన్ను మూసుకుని చూడడానికి ఎంతకాలం ఒప్పుకుంటాడు?

కాని చిక్కేమిటంటే, ఎక్కువ రెట్లు పెంచే అద్దాలు బొమ్మను తలకిందులు చేస్తాయి. దాన్ని తిరిగి నిలబెట్టడానికి గొట్టం బారెడు పొడుగు చేయవలసి వచ్చేది. 1854లో ఇగ్నాజియో పోరో అనే ఇటలీ దేశస్థుడు ఉపాయం కనిపెట్టాడు. గొట్టంలో రెండు గాజు పట్టకాలు పెట్టి, వెలుగును మడతలు వేసి తిప్పితే, బొమ్మా నిలబడుతుంది, గొట్టమూ పొట్టిదవుతుంది. ఆ ఉపాయానికి తగిన మంచి గాజు దొరికి, 1894లో జర్మనీలోని జెయిస్ కంపెనీ పట్టకాల దుర్భిణీలను బజారుకు తెచ్చింది. భుజాలు విరుచుకున్న పహిల్వానులా ముందుభాగం వెడల్పుగా ఉండే దుర్భిణీలన్నీ పోరో సంతతివే. నిటారుగా రెండు వేణువులు పక్కపక్కన పెట్టినట్టుండేది రెండో రకం. వాటిని రూఫ్ ప్రిజం రకమంటారు. ఇవి చేతిలో ఒద్దికగా ఇముడుతాయి. నీరూ దుమ్మూ చొరకుండా కట్టుదిట్టం చేయడం కూడా వీటిలో సులువు. కాని వీటి పట్టకాలను మరీ నేర్పుగా చేయాలి. తక్కువ ఖరీదులో కొనేటప్పుడు పోరో రకమే ఎక్కువ తేటగా చూపుతుంది. రూఫ్ రకమే కావాలంటే దాని పట్టకాలకు "ఫేజ్ కోటింగ్" ఉందో లేదో అడగాలి. 1988లో వచ్చిన పూత అది. అది లేకపోతే సన్నని ఈకల గీతలు అలుక్కుపోతాయి.

పూతల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక లెక్క. పూత లేని గాజు అద్దం ఒక్కొక్క ముఖమూ, తన మీద పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి కొట్టేస్తుంది. దుర్భిణీలో ఒక్కొక్క కంటి దారిలో అటువంటి ముఖాలు పది ఉన్నా, చివరికి మూడోవంతు వెలుగు గంగపాలు. 1935లో జెయిస్ కంపెనీలోనే అలెగ్జాండర్ స్మకూలా అనే ఆయన, అద్దం మీద అతి పలుచని పూత పూస్తే ఈ నష్టం తగ్గుతుందని కనిపెట్టాడు. నేడు పెట్టె మీద నాలుగు రకాల మాటలు రాస్తారు: కోటెడ్, ఫుల్లీ కోటెడ్, మల్టీ కోటెడ్, ఫుల్లీ మల్టీ కోటెడ్. మొదటిదానికీ చివరిదానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. అన్ని ముఖాలకూ పలు పొరల పూత ఉన్నది చివరిదే.

"మరి నా దానికి కెంపుల్లాంటి ఎర్రని పూత ఉందే?" అని అడిగాను, చివరి ఆశ కొద్దీ.

మాస్టారు నవ్వారు. "ఎర్రగా మెరుస్తోందంటే ఎర్రని వెలుగును లోపలికి రానీయకుండా గుమ్మంలోనే తరిమేస్తోందని అర్థం. అందుకే మీ గూడబాతులు నీలంగా, మసకగా కనపడ్డాయి. అది చూపు కోసం వేసిన పూత కాదు, చూసేవాడి కోసం వేసిన పూత."

తరువాత మా మేడ పిట్టగోడ వైపు చూడమని, చూస్తూ దుర్భిణీని మెల్లిగా కళ్ళకు దూరం జరపమన్నారు. జరిపేసరికి ఒక గొట్టంలో గోడ అంచు ఒక ఎత్తున ఉంటే, రెండో గొట్టంలో మరొక ఎత్తున ఉంది. రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడడంలేదు. మెదడు పాపం ఆ రెండు బొమ్మలనూ బలవంతంగా కలుపుతూ ఉంటుంది. అందుకే పది నిమిషాలు చూస్తే తలనొప్పి. అది నా వయసు కాదన్నమాట!

కళ్ళజోడు వారి కష్టం

ఇన్ని లోపాలున్నా నాకు పిట్టలు ఏదోవిధంగా కనపడ్డాయి. మనవరాలికి అసలే ఎందుకు కనపడలేదు? దానికి కారణాలు రెండని తేలింది.

మొదటిది కళ్ళజోడు. దుర్భిణీలో బొమ్మ నిండుగా కనపడాలంటే, కన్ను కంటి అద్దానికి ఒక నిర్ణీతమైన దూరంలో ఉండాలి. ఈ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. చౌకరకాల్లో ఇది తొమ్మిది పది మిల్లీమీటర్లకు మించదు. కళ్ళజోడు అడ్డం ఉన్నవారి కన్ను అంతకంటె వెనక ఉండిపోతుంది. అప్పుడు కనపడేది తాళంచెవి కన్నంలోంచి గది చూసినట్టే. "నల్లగా ఉండి మధ్యలో చిన్న చుక్క" అని పిల్ల అన్నది అక్షరాలా నిజం. కళ్ళజోడున్నవారికి ఈ దూరం 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పదిహేడో పద్దెనిమిదో ఉంటే మరీ సుఖం.

కళ్ళజోడు తీసి చూడవచ్చు కదా అంటారా? ఒట్టి దూరపుచూపు లోపమే అయితే దుర్భిణీ మర తిప్పి సర్దుకోవచ్చు. మా పిల్లకు సిలిండరు కూడా ఉంది. దాన్ని ఏ మరా సర్దలేదు. పైగా జోడు తీసి, దుర్భిణీ ఎత్తి, చూసి, దించి, మళ్ళీ జోడు పెట్టుకునేదాకా ఆగే పిట్ట సృష్టిలో లేదు.

రెండో కారణం దాని చిన్న ముఖం. దుర్భిణీ నడుమ కీలు ఉంటుంది. గొట్టాలను దగ్గరికీ దూరానికీ మడిచి, మన కంటిపాపల ఎడానికి సరిపెట్టుకోవాలి. చాలా దుర్భిణీలు 56, 58 మిల్లీమీటర్ల కంటె దగ్గరికి రావు. తొమ్మిదేళ్ళ పిల్ల కళ్ళ ఎడం అంతకంటె తక్కువ ఉండవచ్చు. అప్పుడు ఒక కంటికి బొమ్మ ఉంటే రెండో కంటికి చీకటి.

నేను కొన్నది నా కంటితో చూసి, నా జోడు నుదుటి మీదికి నెట్టి కొన్నది. కాని చూడవలసిన కళ్ళు నావి కావు. ఆ మాట మాస్టారు అనలేదు. అననందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టాను.

మళ్ళీ దుకాణానికి

ఈసారి ముగ్గురం కలిసి వెళ్ళాం. పగటిపూట, వీధిలోకి చూడనిచ్చే పెద్ద దుకాణానికి. మాస్టారు జేబులో స్కేలు, నా జేబులో కిందటిసారి కంటె కొంచెం బరువైన పర్సు. పిల్ల కళ్ళజోడు తుడుచుకుని వచ్చింది.

దుకాణాదారు మొదట జూమ్ రకం తీశాడు. రెట్లు కావలసినట్టు పెంచుకోవచ్చట. మాస్టారు చెయ్యి అడ్డంగా ఊపారు. రెట్లు మార్చే సదుపాయం కోసం లోపల కదిలే అద్దాలు పెరుగుతాయి, కనపడే మేరా తేటదనమూ తగ్గుతాయి. ఖరీదు మాత్రం తగ్గదు. అదే ఖరీదుకు స్థిరమైన రెట్లున్నది కొంటే మంచి గాజు వస్తుంది.

తరువాత నాలుగైదు రకాలు బల్ల మీదికి వచ్చాయి. ఒక్కొక్కదాన్ని చెయ్యి చాచి ఆకాశం వైపు పట్టి వెలుగుచుక్క చూశాం. చుక్క నిండు గుండ్రంగా ఉంటే పట్టకాలు మంచి గాజువి. అంచులు చెక్కినట్టు నలుపలకలుగా కనపడితే తక్కువరకం గాజు. పిట్టగోడ పరీక్ష చేశాం. కంటి దగ్గరి గిన్నెలు మెలితిప్పితే లేస్తున్నాయా, దిగుతున్నాయా చూశాం. కళ్ళజోడున్నవారు వాటిని దించుకోవాలి, లేనివారు లేపుకోవాలి. నీరు చొరకుండా లోపల నైట్రోజన్ నింపినదా అని అడిగాం. కొల్లేటి తేమలో తిరిగే వస్తువుకు అది అవసరం.

ఇక మిగిలినవి రెండు: ఒకటి 8×42, ఒకటి 8×32. మొదటిది ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ. రెండోది సుమారు అరకిలో. నాకు మొదటిదాని మీద మనసు పోయింది. చుక్క పెద్దది కదా! మాస్టారు ఏమీ అనకుండా దాన్ని పిల్ల మెడలో వేశారు. నిమిషంలో అది మెడ వంచి నిలబడింది. నేను నోరు మూసుకున్నాను.

8×32ను మెడలో వేసి, గిన్నెలు దించి, కీలు దగ్గరికి మడిచి, పిల్లను గుమ్మంలో నిలబెట్టాను. ఎదుటి మేడ మీద పావురాలున్నాయి. "కనపడుతోందా?" అని నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేసి ఇలా అడిగాను:

"ఏం కనపడుతోందమ్మా?"

జవాబు లేదు. మర మెల్లిగా ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పింది. ఉన్నట్టుండి దాని నోరు తెరుచుకుంది.

"తాతయ్యా! దాని కన్ను ఎర్రగా ఉంది! మధ్యలో నల్లచుక్క కూడా ఉంది! మెడ తిప్పితే ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి వంకాయరంగు! అయ్యో, ఒక కాలికి దారం చుట్టుకుని ఉంది తాతయ్యా!"

వీధికి అవతల, మేడ మీద, పావురం కాలికి చుట్టుకున్న దారం! అబద్ధమాడే పిల్ల చెప్పగలిగిన మాట కాదది. నేను పర్సు తీశాను.

ఇంటికి తెచ్చిన తరువాత

కొన్న తరువాత చేయవలసినవి కూడా నాలుగున్నాయి. మొదట రెండు కళ్ళ తేడా సర్దాలి. కుడి గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో దూరాన ఉన్న ఒక బోర్డు అక్షరాలు తేటపడేదాకా నడిమి మర తిప్పాలి. తరువాత ఎడమ గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టి, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు తేటపరచుకోవాలి. అంతే, ఇక ఆ మనిషికి ఆ రింగుతో పని లేదు. నడిమి మర ఒక్కటే చాలు. కొన్ని రకాల్లో ఈ రింగు ఎడమవైపు ఉంటుంది. అప్పుడు వరస మార్చుకోవాలి.

పిట్టను చూడగానే తల దించి దుర్భిణీ కోసం తడుముకోకూడదు. చూపు పిట్ట మీదే ఉంచి, దుర్భిణీని కళ్ళ దగ్గరికి తేవాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనిస్తే వణుకు తగ్గుతుంది.

అద్దాన్ని పంచె చెంగుతో తుడవకండి. ముందు దుమ్ము ఊదిపోగొట్టి, ఆ పైన మెత్తని గుడ్డతో అలవోకగా తుడవాలి. లేకపోతే ఇసుక రేణువు పూతను గీకేస్తుంది. మన కోస్తా తేమలో బీరువాలో మూసిపెడితే అద్దాల మీద బూజు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో అప్పుడప్పుడు బయటికి తీసి వాడుతూ ఉండాలి. వాడకమే దానికి మందు.

అన్నిటికంటె ముఖ్యం: దుర్భిణీతో సూర్యుడి వైపు చూడకూడదు, పిల్లలను చూడనివ్వకూడదు. ఒక్క క్షణం చాలు, పోయిన చూపు మళ్ళీ రాదు.

ఎగ్జిబిషన్ దుర్భిణీ ఏమైందంటారా? మాస్టారు అడిగి పట్టుకుపోయారు. ట్యూషను పిల్లలకు 30×60 అన్న అంకె చూపించి, స్కేలు చేతికిచ్చి, భాగహారం చేయిస్తున్నారు. దాన్ని చేసినవాడు కలలో కూడా అనుకోనంత గొప్ప విద్యాదానం జరుగుతోంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మళ్ళీ ఆటపాక వెళ్ళాం. అదే గట్టు, అవే గూడబాతులు. దూరపు కొండలు నునుపంటారు గాని, నునుపు దూరానిది, కొండది కాదు. దగ్గరగా చూస్తే ప్రతిదానికీ గరుకుంది, గీత ఉంది, చుక్క ఉంది. పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లిగా అంది:

"తాతయ్యా, గూడబాతు ముక్కు మీద వరసగా చుక్కలున్నాయి."

అరవై ఏళ్ళుగా కొల్లేటి పక్షులను చూస్తున్నవాణ్ణి. ఆ చుక్కలు నేనెన్నడూ చూడలేదు. పిల్ల మెడలోంచి పట్టీ తీసి, కంటి గిన్నెలు నాకోసం లేపి, దుర్భిణీ నా చేతికిచ్చింది. ఎత్తి చూశాను. ఏమిటో, నాకే అంతా మసకమసకగా ఉంది. ఈసారి తప్పు దుర్భిణీది కాదు.

"కనపడ్డాయా తాతయ్యా?"

"ఆఁ... కనపడ్డాయమ్మా."

"ఊరికే కనపడ్డాయంటే కాదు. ఏ రంగులో ఉన్నాయో చెప్పు!"

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.